మొదటి క్యాంపింగ్: రాత్రి రెండు గంటల పరీక్ష

పగలంతా గుడారం జీవితం ఎవరికైనా బాగానే ఉంటుంది. అసలు సంగతి రాత్రి రెండు గంటలకు తేలుతుంది. నడుము కింద నుంచి నేల చల్లదనం పైకి పాకుతుంటుంది, పిల్లల్లో ఒకరికి బయటికి వెళ్లాల్సిన అవసరం పడుతుంది, టార్చిలైటు ఏ సంచిలో ఉందో ఎవరికీ గుర్తుండదు. ఏది కొని ఉండాల్సిందో, ఏది కొనకుండా ఉండాల్సిందో అప్పుడు చాలా స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు చేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు.

మా మొదటి ప్రయాణంలో నేను డబ్బంతా పగటి కోసమే ఖర్చుపెట్టాను. మడత కుర్చీలు, మడత బల్ల, వంట సామాను కోసం అరలున్న సంచి, ఫొటోల్లో అందంగా కనిపించిన లాంతరు కొన్నాను. మేం నలుగురం కాబట్టి 'నలుగురికి' అని రాసి ఉన్న గుడారం తీసుకున్నాను. కింద పరుచుకోవడానికి మాత్రం ఇంట్లోని దుప్పట్లు చాలనుకున్నాను. తెల్లవారేసరికి ఇద్దరు కారులో ఉన్నారు, ఇద్దరం గుడారంలో ఉన్నాం. హాయిగా నిద్రపోయింది మూడేళ్ల చిన్నవాడొక్కడే, అదీ నా పొట్ట మీద.

అప్పటి నుంచి రెండు వస్తువుల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: రాత్రి రెండు గంటలకు దీనితో పని పడుతుందా? పడేటట్టయితే మంచిదే తీసుకుంటాను. లేదంటే ఇంట్లో ఉన్నదానితో సరిపెడతాను.

ఎంత దూరం, ఎన్ని రాత్రులు

వస్తువుల కంటే ముందు తేల్చుకోవాల్సింది చోటు. చాలామంది మొదటిసారే ఎప్పటి నుంచో చూడాలనుకున్న అడవినో కొండనో ఎంచుకుంటారు. ఆరు గంటలు ప్రయాణించి, చీకటి పడ్డాక చేరుకుని, అప్పటిదాకా ఎప్పుడూ విప్పి చూడని గుడారాన్ని టార్చి వెలుగులో నిలబెట్టడానికి తంటాలు పడతారు. అందుకే మొదటిసారికి దగ్గరి చోటే మేలంటాను. గంట, మహా అయితే రెండు గంటల ప్రయాణం చాలు. ఏదైనా తేడా వస్తే అర్ధరాత్రి అయినా ఇంటికి తిరిగి రావచ్చన్న ధైర్యం పిల్లల కంటే పెద్దవాళ్లకే ఎక్కువ పనిచేస్తుంది. చీకటి పడటానికి కనీసం మూడు గంటల ముందు చేరేలా బయలుదేరండి.

ఒక రాత్రా, రెండు రాత్రులా అన్నది అంత తేలిగ్గా తెగదు. ఒక రాత్రి అయితే సామాను దించడం, గుడారం వేయడం, మళ్లీ విప్పడం, సర్దడం, ఇంత పనీ ఒక్క సాయంత్రం కోసమే అవుతుంది. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి రోజు చేతిలో ఉంటుంది, క్యాంపింగ్‌లోని సుఖమంతా ఆ రోజులోనే ఉంటుంది. అయినా ఆరేళ్ల లోపు పిల్లలుంటే మొదటిసారి ఒక రాత్రికే పరిమితం కావడం మంచిది. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే రెండు రాత్రులకు సిద్ధమై వెళ్లి, మొదటి రాత్రి గడిచాక ఉండాలో వద్దో అందరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.

మరుగుదొడ్డి, తాగునీరు ఉన్న క్యాంపు స్థలమా, ఏమీ లేని అడవి చోటా? ఇక్కడ నాకు సందేహమే లేదు. మొదటిది. నిర్జన ప్రదేశంలో మలవిసర్జనకు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున గుంట తవ్వాలి, అది నీటి వనరులకు కనీసం 60 మీటర్ల దూరంలో ఉండాలి, తర్వాత మట్టితో పూడ్చాలి. ఇదంతా నేర్చుకోదగ్గ విద్యే. కానీ నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్ల పిల్లకు మొదటి రాత్రే నేర్పాల్సినది కాదు.

క్యాంపు స్థలంలో కూడా గుడారం ఎక్కడ వేస్తామన్నది ముఖ్యం. నీటి ఒడ్డున పల్లంగా, మెత్తగా ఉన్న చోటు మొదట కళ్లను లాగుతుంది. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లంలోకే దిగుతుంది, వానొస్తే నీరూ అక్కడికే చేరుతుంది. నాలుగడుగులు ఎత్తున ఉన్న సమతలం అంత అందంగా కనిపించకపోయినా వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఎండిన వాగు కడుపులో ఎప్పుడూ వేయకండి. ఎగువన ఎక్కడో కురిసిన వాన మీ నెత్తిన చినుకు పడకముందే అక్కడికి రాగలదు. గుడారం వేసే ముందు తలెత్తి పైన ఎండుకొమ్మలున్నాయేమో చూసుకోవాలి. మరుగుదొడ్డికి ఆనుకుని ఉంటే రాత్రంతా అడుగుల చప్పుడు, దీపాల వెలుగు, వాసన తప్పవు. మరీ దూరమైతే రెండు గంటలకు నడవాల్సింది మీరే. మధ్యస్థంగా చూసుకోండి.

ఎత్తైన ప్రాంతానికి వెళ్తుంటే దిగువన ఉన్న ఊరి వాతావరణ సూచన చూసి మోసపోవద్దు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది.

కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా

క్యాంపింగ్ మీ ఇంటికి నప్పుతుందో లేదో ఇంకా తెలియదు. తెలియనిదాని కోసం అటక నింపుకోవడం ఎందుకు? గుడారం, స్టవ్వు, మంచు పెట్టె అద్దెకు దొరికితే అద్దెకు తెచ్చుకోండి. వాడి చూశాక ఏం కావాలో మీకే తెలుస్తుంది, ఆ తర్వాత కొన్నది వృథా కాదు. తలకు కట్టుకునే దీపాలు, పరుపులు మాత్రం సొంతంగా కొనుక్కోవచ్చు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడో కరెంటు పోయినప్పుడో అక్కరకొస్తాయి. ముందే వేసి ఉంచిన గుడారాలను మంచాలతో సహా అద్దెకిచ్చే చోట్లూ ఉంటాయి. అది అసలైన క్యాంపింగ్ కాదని కొందరు ముఖం చిట్లిస్తారు. వాళ్ల మాటకు నేనేమీ విలువివ్వను. పసిపిల్ల ఉన్న ఇంటికి అది చాలా తెలివైన ఆరంభం.

తెలిసినవాళ్లను అడిగి తెచ్చుకునేటప్పుడు మాత్రం గుడారాన్ని ముందురోజే విప్పి చూడండి. ఊచలు అన్నీ ఉన్నాయా, మేకులు ఎన్ని, జిప్పులు నడుస్తున్నాయా చూడాలి. లోపలి వైపు గుడ్డ చేతికి జిగటగా తగిలి, పాడైన వాసన వస్తోందంటే నీటిని ఆపే పాలీయూరెథేన్ పూత విరిగిపోతున్నట్టు లెక్క. తేమలో మడిచిపెట్టిన గుడారాలకు పట్టే జబ్బు అది. అలాంటిదాన్ని వానకు నమ్మలేం.

గుడారం

గుడారం మీద రాసి ఉండే మనుషుల సంఖ్య ఒక రకంగా కొలత మాత్రమే. అంతమంది భుజానికి భుజం ఆనించుకుని, సంచులు బయట వదిలేసి, పక్కకు తిరగకుండా పడుకుంటే పడతారని దాని అర్థం. మామూలు పరుపు వెడల్పు 51 సెంటీమీటర్లు, వెడల్పు రకమైతే 64 వరకు ఉంటుంది. మీ పరుపులను ఇంట్లో నేల మీద పక్కపక్కన పరిచి కొలిచి, గుడారం లోపలి కొలతతో పోల్చుకోండి. అంకె చూసే కొనేటట్టయితే మీ సంఖ్యకు రెండు కలపండి. నలుగురికి ఆరుగురి గుడారం సరిపోతుంది. పెద్దది మంచిదే కదా అని పది మందిది తెస్తే, దాన్ని వేయడానికి సమతలం దొరకదు, గాలిని ఆపుకోవడం కష్టమవుతుంది, చలిలో వెచ్చబడదు.

పిల్లలు పన్నెండేళ్లు దాటిన ఇళ్లలో ఒక పెద్ద గుడారానికి బదులు రెండు చిన్నవి తీసుకోవడం మంచి ఉపాయం. చిన్నవి వేయడం తేలిక, ఇరుకు చోట్లలోనూ పడతాయి, పిల్లలకు తమదంటూ ఒక ఇల్లున్నట్టు ఉంటుంది. అంతకంటే చిన్నపిల్లలుంటే అందరూ ఒకే కప్పు కింద ఉండాలి. రాత్రి ఏడుపు వినబడి, మనం రెండు జిప్పులు తీసుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్లేసరికి ఆ ఏడుపు క్యాంపంతా పాకుతుంది.

ఆకారాల్లో ప్రధానంగా పోటీ గోపురానికీ, గదికీ మధ్య. గోపురం ఆకారం గాలిని తన మీదుగా జారనిస్తుంది, ఊచలు ఒకదానినొకటి దాటుకుంటూ నిలబడతాయి కాబట్టి మేకులు కొట్టకముందే లేచి నిలుస్తుంది. ఎత్తి పక్కకు జరుపుకోవచ్చు కూడా. గది ఆకారంలో గోడలు నిలువుగా ఉంటాయి, పెద్దవాళ్లు నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, వానొచ్చిన మధ్యాహ్నం పిల్లలు లోపలే ఆడుకోవచ్చు. కానీ ఆ నిలువు గోడలే గాలికి తెరచాపల్లా పనిచేస్తాయి. చెట్ల మాటున, ప్రశాంతమైన కాలంలో అయితే గది. బయలు ప్రదేశం, సముద్రతీరం, కొండ భుజం అయితే గోపురం. సొరంగంలా పొడుగ్గా ఉండే మూడో రకం లోపల విశాలంగా ఉంటుంది, కానీ మేకులు గట్టిగా దిగే నేల దొరక్కపోతే అది అసలు నిలబడదు.

ఊచలు ముందే అమర్చి, గొడుగులా తెరుచుకునే గుడారాలు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. రెండు మూడు నిమిషాల్లో లేస్తాయి. పిల్లలు ఆకలితో మారాం చేస్తున్న సాయంత్రం అదెంత ఉపకారమో చెప్పలేను. అయితే మడిచినా పొడుగ్గానే ఉంటాయి. కారు డిక్కీ కొలిచి చూసుకున్నాకే కొనండి. ఒక కీలు విరిగితే అక్కడికక్కడ బాగుచేయడం కూడా కష్టమే.

ఒక పొర గుడారమా, రెండు పొరలదా అన్న దగ్గర తడబడొద్దు. రెండు పొరలదే తీసుకోండి. లోపల జాలీ గుడారం, దాని పైన వాన ఆపే గుడ్డ, రెండింటి మధ్య గాలి ఆడే సందు ఉంటాయి. నలుగురి ఊపిరిలోని తేమ రాత్రంతా పైకి పోయి చల్లని గుడ్డకు తగిలి నీటిబొట్లు అవుతుంది. రెండు పొరలుంటే ఆ బొట్లు బయటి గుడ్డ లోపలి వైపునే నిలుస్తాయి, ఒక పొరైతే మీ ముఖం మీద పడతాయి. మొదటిసారి పొద్దున్నే లేచి 'గుడారం కారింది' అనుకునేవాళ్లలో చాలామంది చూసింది తమ ఊపిరినే. చలిగా ఉందని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఇది ఇంకా పెరుగుతుంది. పైనున్న రెండైనా తెరిచి ఉంచాలి.

వాన తట్టుకునే శక్తిని మిల్లీమీటర్లలో రాస్తారు. గుడ్డ మీద నీటిస్తంభాన్ని నిలబెడితే ఎంత ఎత్తు వరకు కారకుండా ఆపిందన్నదే ఆ అంకె. పైకప్పుకు 1500 ఉంటే మామూలు వానకు సరిపోతుంది. నేలకు 3000 గానీ అంతకు మించి గానీ ఉంటే మేలు, ఎందుకంటే మోకాలు ఆనించినప్పుడు అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ. నేను ఈ అంకెల కంటే కుట్లు చూస్తాను. కుట్ల మీద పట్టీ అతికించి లేకపోతే 5000 అని రాసి ఉన్నా సూది రంధ్రాల్లోంచి కారుతుంది.

ఊచల్లో ఫైబర్‌గ్లాస్ చవక, బరువు ఎక్కువ, విరిగితే చీలికలై గుచ్చుకుంటుంది. అల్యూమినియం తేలిక, బలం, ఖరీదు ఎక్కువ. కారులో వెళ్లి, మంచి కాలంలో ఒకటి రెండు రాత్రులుండే కుటుంబానికి ఫైబర్‌గ్లాస్ చాలు. ఇక్కడ మిగిల్చిన డబ్బు పరుపుల మీద పెట్టండి. గుడారంతో వచ్చే మేకులు మాత్రం సాధారణంగా సన్నగా ఉంటాయి, గట్టి నేల తగలగానే వంగిపోతాయి. అరడజను గట్టి మేకులు, ఒక సుత్తి విడిగా తెచ్చుకోండి. మేకు తల గుడారానికి ఎడంగా వాలి ఉండేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి. లాగి కట్టిన తాళ్లకు తెల్లగుడ్డ పీలికలు కట్టండి. మా ఇంట్లో ఆ తాళ్లకు తట్టుకుని పడనివారు లేరు.

గుడారం కింద పరిచే పట్టా అంచులు గుడారం బయటికి ఒక్క అంగుళం కూడా రాకూడదు. వస్తే పైనుంచి జారిన వాననీటినంతా పట్టి మీ కిందికే తెస్తుంది.

నిద్ర

రెండు గంటల పరీక్ష అసలు జరిగేది ఇక్కడే. అయినా చాలామంది గుడారానికి ఇచ్చిన ఆలోచనలో పదో వంతు కూడా దీనికి ఇవ్వరు. నేనూ ఇవ్వలేదు.

చలి పైనుంచి వస్తుందనుకుని పైన దుప్పట్లు పెంచుతాం. నిజానికి నిద్రలో ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది నేల. కింద పరుచుకున్న దుప్పటి గానీ, స్లీపింగ్ బ్యాగు అడుగుభాగం గానీ మన బరువుకు నలిగి పలచనైపోతుంది. వేడిని ఆపేది దూది కాదు, దూదిలో నిలిచిన గాలి. గాలి పోయాక మిగిలేది గుడ్డే. అందుకే నలగనిది ఏదో ఒకటి కింద ఉండాలి.

పరుపు ఎంత వేడిని ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ విలువ అంటారు. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం ప్రకారం కొలిచినదైతే రెండు వేర్వేరు కంపెనీల పరుపులను నమ్మకంగా పోల్చవచ్చు. వెచ్చని రాత్రులకు 2 లోపు సరిపోతుంది, చల్లని రాత్రులకు 3 నుంచి 4 కావాలి, గడ్డకట్టే చలికి 5 దాటాలి. ఇందులో ఒక సౌకర్యముంది. రెండు పరుపులను ఒకదానిపై ఒకటి వేస్తే వాటి ఆర్ విలువలు కలుస్తాయి.

మామూలు గాలి పరుపు ఇంట్లో చుట్టాలకు వేసేది. మెత్తగా, ఎత్తుగా ఉంటుంది, చూడగానే ఇదే సుఖమనిపిస్తుంది. లోపల ఉత్త గాలే కాబట్టి ఆ గాలి కదులుతూ కిందికి వేడిని మోసుకుపోతుంది. దాని ఆర్ విలువ చాలా తక్కువ. పైగా మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో నింపిన గాలి రాత్రి 10 డిగ్రీలకు చల్లబడితే పదిహేనో వంతు కుంచించుకుపోతుంది. కొత్త పరుపైతే దాని ప్లాస్టిక్ కూడా కొంత సాగుతుంది. రాత్రి రెండు గంటలకు పరుపు మెత్తబడితే చిల్లు పడిందని వెతుకుతాం. చాలాసార్లు చిల్లేమీ ఉండదు. పొద్దుగూకాక, పడుకోబోయే ముందు మరోసారి గాలి కొట్టుకుంటే చాలు. ఇద్దరు పడుకునే పెద్ద పరుపు మీద ఒకరు కదిలితే రెండోవారు ఎగిరిపడతారన్నది మరో బాధ. వెచ్చని కాలంలో అయితే వాడుకోవచ్చు, చలిలో వాడాల్సి వస్తే దాని మీద ఒక ఫోమ్ చాప పరచండి.

ఫోమ్ చాప గట్టిగా ఉంటుంది, ఆర్ విలువ రెండుకు అటూఇటూగా ఉంటుంది, చిల్లు పడదు, గాలి కొట్టక్కర్లేదు. పిల్లలు దాని మీద హాయిగా పడుకుంటారు, పగలు దాన్నే బయట కూర్చోవడానికి లాక్కుపోతారు. నలభై దాటిన నడుములకు మాత్రం అది శిక్షే. మూత తిప్పగానే తనంతట తాను ఉబ్బే పరుపులో లోపల స్పాంజి ఉంటుంది, ఆర్ విలువ 3 నుంచి 5 దాకా దొరుకుతుంది. బరువైనా, చుట్టినప్పుడు లావుగా ఉన్నా కారులో వెళ్లేవాళ్లకు అది లెక్కలోకి రాదు. నా ఎంపిక పిల్లలకు ఫోమ్ చాపలు, పెద్దలకు ఈ తనంతట ఉబ్బే పరుపులు. మొత్తం సామానులో ఒకే ఒక్కటి ఖరీదైనది కొనగలిగితే అది ఇదే కావాలి.

మడత మంచం వంగి లేవలేని పెద్దవాళ్లకు మంచిది. అయితే కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి చలిలో దాని మీద కూడా చాప కావాలి, గుడారంలో సగం చోటు అదే ఆక్రమిస్తుంది.

స్లీపింగ్ బ్యాగు మీద ఉండే ఉష్ణోగ్రతల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం మూడు అంకెలుంటాయి. మొదటిది సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత, రెండోది ముడుచుకుని పడుకుంటే నెట్టుకురాగల హద్దు, మూడోది ప్రాణం మాత్రమే నిలుపుకోగల స్థితి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎప్పుడూ మొదటిదే కానక్కర్లేదు. సుఖపు అంకె చూసి, అది మీరు వెళ్లే చోటి రాత్రి ఉష్ణోగ్రత కంటే అయిదు డిగ్రీలు తక్కువ ఉండేలా తీసుకోండి. ఆ పరీక్షలు పెద్దవాళ్ల కొలతల బొమ్మతో చేసేవి కాబట్టి పిల్లలకు ఆ అంకెలు వర్తించవు. పెద్దల బ్యాగులో చిన్నపిల్లను పడుకోబెడితే కాళ్ల దగ్గరి ఖాళీ చోటంతా చల్లగానే ఉంటుంది. ఆ భాగాన్ని కిందికి మడిచి తాడుతో కట్టేయండి. ఏడాది లోపు పసిబిడ్డలను మాత్రం గాలి పరుపు మీద గానీ, వదులు బ్యాగుల్లో గానీ పడుకోబెట్టకూడదు. మెత్తటి పరుపు, ముఖం మీదికి జారే గుడ్డ ఊపిరికి ప్రమాదం.

లోపల పక్షి ఈకలున్న బ్యాగు తేలిక, వెచ్చన, తడిస్తే ముద్దయి వేడిని నిలపదు. కృత్రిమ దూది బరువు, కానీ తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది, ఇంట్లో ఉతుక్కోవడం తేలిక. పిల్లలున్న గుడారంలో ఏదో ఒకటి ఒలుకుతుంది. ఆ సంగతి ముందే ఒప్పుకుని కృత్రిమ దూదిదే తీసుకోండి. తల నుంచి కాళ్ల దాకా సన్నబడే రకం వెచ్చగా ఉంటుంది. కానీ కాళ్లు కట్టేసినట్టుందని గింజుకునేవాళ్లు చాలామంది ఉంటారు, నాకూ పడదు. ఓ మోస్తరు చలికి దీర్ఘచతురస్రపు బ్యాగు మేలు. రాత్రులు 15 డిగ్రీల పైనే ఉండే కాలమైతే అసలు బ్యాగులే కొనకండి. కింద సరైన చాప ఉంటే ఇంటి దుప్పట్లు చాలు.

దిండ్లు మాత్రం ఇంట్లోవే తీసుకెళ్లండి. గాలి దిండ్లన్నీ వాడి చూశాను, వాటి గురించి చెప్పడానికి మంచి మాట ఒక్కటీ లేదు. పగలు తిరిగిన బట్టలతో పడుకోవద్దు. చెమట పీల్చిన నూలుబట్ట రాత్రంతా చల్లబరుస్తుంది. పొడిబట్టలు, మేజోళ్లు, టోపీ పడుకునే ముందు మార్చుకోవడానికి ఒక సంచిలో విడిగా పెట్టండి. ఆ సంచిని పగలు ఎవరూ ముట్టుకోకూడదు.

వంట, మంట

కట్టెల మంట మీద వంట చేయాలనే సరదా అందరికీ ఉంటుంది. పాత్రలు మసిబారతాయి, పొగ ఎటు కూర్చుంటే అటే వస్తుంది, సెగ చేతిలో ఉండదు, వానొస్తే భోజనమే ఉండదు. ఎండాకాలంలో చాలా అటవీ ప్రాంతాల్లో మంట వేయడమే నిషేధం. వంట గ్యాస్ స్టవ్వు మీద చేసుకుని, అనుమతి ఉంటే కబుర్ల కోసం మంట వేసుకోండి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లవద్దు. బెరడు కింద పురుగులు ప్రయాణిస్తాయి. ఉత్తర అమెరికాలో 2002లో కనబడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు కోట్లాది యాష్ చెట్లను చంపింది, అది కొత్త చోట్లకు పాకిన దారుల్లో వంటచెరకు ఒకటి. మంట ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బూడిద మీద అరచేతి వెనుకభాగం ఉంచి చూడాలి. చేతికి వేడి తెలుస్తుంటే మంట ఇంకా ఆరనట్టే.

స్టవ్వుల్లో ఒక బర్నర్ చాలా? ఇద్దరికి చాలు. నలుగురికి రెండు బర్నర్లది తీసుకోండి. పిల్లలకు వండే గిన్నె దించితే గానీ నీళ్లు కాగబెట్టలేని పరిస్థితిలో ఓపికలు త్వరగా అయిపోతాయి. గ్యాస్ డబ్బా మీద ఏ వాయువో చూడండి. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత దాదాపు సున్నా డిగ్రీలు, కాబట్టి చలి ఉదయాల్లో అది ఆవిరి కాక మంట నీరసిస్తుంది. ఐసోబ్యూటేన్‌ది మైనస్ 12 దగ్గర, ప్రొపేన్‌ది మైనస్ 42. వెచ్చని కాలానికి ఏదైనా ఫరవాలేదు, చలికి ఈ రెండింటి మిశ్రమం ఉన్నది కావాలి.

వాన వచ్చినా, ఎంత చలేసినా స్టవ్వునూ, బొగ్గుల కుంపటినీ గుడారంలోకి తీసుకురాకండి. గుడ్డ అంటుకోవడం ఒక భయమైతే, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా పెద్ద భయం. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవాళ్లను లేపదు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా దాన్ని వదులుతూనే ఉంటాయి.

మొదటి సాయంత్రం భోజనం ఇంట్లోనే వండి తీసుకెళ్లి అక్కడ వేడి చేసుకుంటే సగం అలసట తగ్గుతుంది. మంచు పెట్టెలో ముక్కల మంచు కంటే పెద్ద గడ్డ ఎక్కువసేపు నిలుస్తుంది. ముందురోజు రాత్రే సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పెట్టుకుంటే కరిగాక తాగడానికి పనికొస్తాయి. పానీయాలకు వేరే పెట్టె ఉండాలి. పిల్లలు పది నిమిషాలకోసారి మూత తెరిచే పెట్టెలో పాలు, మాంసం నిలవవు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు లెక్కేసుకుని ఇంటి నుంచే తీసుకెళ్లండి. వడపోత పరికరాల పోలిక మరోసారికి వాయిదా వేయవచ్చు. తప్పనిసరైతే మరిగించడమే నమ్మదగ్గ మార్గం. బాగా మరుగుతున్న నీటిని ఒక నిమిషం, రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు అలాగే ఉంచాలి.

దీపం, దోమలు, ఉరుములు

దీపాల్లో పెద్దగా ఆలోచించేది లేదు. మనిషికొక తల దీపం, అందరికీ కలిపి ఒక లాంతరు. చేతిలో పట్టుకునే టార్చితో పిల్లవాడి లాగు విప్పలేం, జిప్పు తీయలేం. ఎర్ర వెలుగు వచ్చే రకమైతే నిద్రపోతున్నవాళ్లను లేపకుండా బయటికి వెళ్లిరావచ్చు. పడుకునేటప్పుడు ఎవరి దీపం వారి దిండు కింద ఉండాలి.

దోమల మందుల్లో డీట్, పికారిడిన్ రెండూ పనిచేస్తాయి. డీట్ ప్లాస్టిక్‌ను, కొన్ని కృత్రిమ బట్టలను పాడుచేస్తుంది, అంటే మీ గుడారానికీ కళ్లద్దాలకూ పడదు. పికారిడిన్‌తో ఆ బెడద లేదు, వాసనా తక్కువ. రెండు నెలల లోపు పసివాళ్లకు ఏ మందూ రాయకుండా దోమతెర వాడాలి. పిల్లల అరచేతులకు రాయకండి, కళ్లలో పెట్టుకుంటారు.

వాన సూచన ఉంటే వెళ్లాలా, మానుకోవాలా? చిరుజల్లు అయితే వెళ్లండి. ఈదురుగాలి, పిడుగుల హెచ్చరిక ఉంటే మానుకోండి, అందులో నామోషీ లేదు. అక్కడున్నప్పుడు ఉరిమితే గుడారం మిమ్మల్ని కాపాడదు, పైకప్పు మూసి ఉన్న కారు కాపాడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్ఫై సెకన్ల లోపే వినిపిస్తే అందరూ కారులోకి నడవాలి, చివరి ఉరుము విన్నాక అరగంట అందులోనే ఉండాలి.

ఇంట్లో ఒక రాత్రి

బయలుదేరే వారానికి ముందు గుడారాన్ని పెరట్లోనో మేడ మీదో ఒకసారి వేయండి. మేకులు దిగని చోటైతే తాళ్లను నీళ్ల డబ్బాలకు కట్టుకోవచ్చు. వేసి చూసి మడిచేయడంతో ఆపకుండా ఆ రాత్రి అందులోనే పడుకోండి. పరుపు గాలి ఎంత తగ్గుతుందో, చిన్నదానికి చీకటంటే ఎంత భయమో, జిప్పు ఎక్కడ ఇరుక్కుంటుందో ఇంటి తలుపు పదడుగుల దూరంలో ఉండగానే తెలిసిపోతాయి. మేం రెండో ప్రయాణానికి ముందు ఇలా చేసినప్పుడు మా పెద్దమ్మాయి అర్ధరాత్రి లేచి, నిశ్శబ్దంగా లోపలికి వెళ్లి తన మంచం మీద పడుకుంది. ఎందుకని పొద్దున అడిగితే దుప్పటి వాసన వేరేగా ఉందంది. రెండో ప్రయాణానికి దాని పాత దుప్పటి సామాను పట్టికలో మొదటి వరుసలోకి ఎక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది, గుడారం కంటే పైన.

తిరిగొచ్చిన రోజు ఎంత అలసినా గుడారాన్ని సంచిలోనే వదిలేయకండి. తెల్లవారి మంచుకు తడిసే ఉంటుంది. దండెం మీద వేసి పూర్తిగా ఆరనిచ్చి, వదులుగా మడిచి, మేకులు లెక్కపెట్టి లోపల పెట్టండి. మాకు ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది.